నూకాలు బండికి కేరియర్ తెచ్చిన వైనం

పికప్పు బండి నెత్తిమీద బిగించే ఇనప కేరియర్ ఒకటి కొనడానికి రెండు జిల్లాలు తిరిగొచ్చామంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "కాశీ ఎల్లొచ్చినట్టు సెప్తన్నావేటే" అని మా అత్తగారు మూతి తిప్పింది. తిప్పనీండి. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. కేరియర్ కోసం వెళ్ళి గెలిచి వచ్చింది మాత్రం మేమిద్దరమే, నేనూ, మా ఆడపడుచు నూకాలూ. వెళ్ళనివాళ్ళకి తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

భావనపాడులో ఎండుచేపల వ్యాపారం నూకాలుది. దాని మొగుడు ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. ఇద్దరూ కూడబెట్టుకుని పాత పికప్పు కొన్నారు. డ్రైవరుకి జీతం ఎందుకు దండగని నూకాలే స్టీరింగు పట్టింది. వారం వారం నెత్తళ్ళు, కవళ్ళు, సావిడాయిలు, ఇలా ఎండిన చేపలన్నీ బస్తాలకెత్తి చీపురుపల్లి తీసుకెళ్తుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. చేపలు మోసిన బండిలో తమ సరుకు వేయడానికి ఎవరూ ఒప్పుకోరు. పోయేటప్పుడు వచ్చిన లాభం, వచ్చేటప్పుడు డీజిల్ తాగేస్తుంది. చీపురుపల్లిలో మరమరాలు వేయించే మంగమ్మ అనే ఆవిడకి టెక్కలి పంపే సరుకు వారం వారం ఉంటుంది గాని, ఒకసారి అడిగితే ముక్కు మూసుకుని పొమ్మందట. మరమరాలు ఏ వాసన తగిలినా పీల్చేసుకుంటాయి. దాంతో మొగుడు ఫోన్ చేసి, "నానొచ్చీసరికి బండి అమ్మీ, లేకపోతే ఉన్నది కూడా పోతాది" అని తేల్చేశాడు.

ఆ మాట విన్న రోజు నూకాలు అన్నం తినలేదు. బండి పోతే అది మళ్ళీ గంప నెత్తినెత్తుకుని బస్టాండ్లో నిలబడాలి, కండక్టర్లు కసురుతుంటే వెనక్కి తగ్గాలి. అది నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

చేపలు బండి నెత్తిమీదకెక్కిస్తే వెనక తొట్టి శుభ్రంగా ఉంటుంది కదా అన్న ఆలోచన నూకాలుది. మంచి ఆలోచనే అనిపించింది నాకు. దారి ఖర్చులు పోను దాని దగ్గర ఏడు వేలున్నాయి. అంతలో గట్టి కేరియర్ రావాలి. బేరానికి నన్ను రమ్మంది. నేను టైలర్ని, టెక్కలిలో నాకు చిన్న కుట్టుకొట్టు ఉంది, కాని నా అసలు విద్య బేరం. పుట్టిల్లు ఉప్పాడ. అక్కడ మేం కొనే వస్తువుకే కాదు, కొనని వస్తువుకీ బేరమాడతాం.

బయల్దేరడం

పొద్దున్నే ఆ వారం చేపల బస్తాలు బండిలోకెత్తాక చోడి అంబలి, అందులోకి ఉల్లిపాయ, మాడ్చిన నెత్తళ్ళు. మా ఉప్పాడలో దీన్నే రాగి జావ అంటాం, మజ్జిగ పోసి పలచగా తాగుతాం. అత్తవారింట్లో గరిటె నిలబడేలా కాస్తారు. పెళ్ళయిన కొత్తలో తాగలేక ఏడ్చాను, ఇప్పుడు పుట్టింటికి వెళ్తే అక్కడి జావ నీళ్ళలా ఉంటుంది.

ఇంకో తేడా కూడా ఇక్కడే చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. మా పుట్టింట్లో ఎండుచేపలు ఇసకలో పరిచి పైన వల కప్పి వదిలేసేవాళ్ళు. మా అత్తవారింట్లో తినేది ఏదైనా సరే పైకెక్కాల్సిందే. చేపలు మంచె మీద, ఉప్పు ఉట్టి మీద, చివరికి పిల్లల బిస్కట్ పేకెట్టు కూడా దూలానికి వేలాడుతుంది. కుక్కలంటే మా అత్తగారికి అంత భయం. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నూకాలుకి చేపని పైన పెట్టడం ఊపిరి పీల్చడంలాంటిది. ఇన్నేళ్ళు కాపురం చేసి నేనూ అలాగే తయారయ్యాను.

శ్రీకాకుళం

నాగావళి వంతెన దాటి ఊళ్ళోకి రాగానే బండి సామాన్ల కొట్టు దగ్గర ఆగాం. కొట్టాయన మెరిసే చొక్కా వేసుకున్నాడు, మాట కూడా మెరుస్తూనే ఉంది. ఎంత బరువు వేస్తారు మేడమ్ అనడిగాడు. ఆరేడు బస్తాల ఎండుచేపలంది నూకాలు. ఆయన వెంటనే లావు ఇనప పట్టీల కేరియర్ చూపించి పద్దెనిమిది వేలన్నాడు. బిగింపు వేరే.

"ఆరు" అన్నాను నేను.

ఆయన నవ్వాడు. మా వైపు స్టూలు జరిపి టీ చెప్పాడు. నేను ఎక్కడ బేరం మొదలెట్టినా టీ వస్తుంది, అది నాకు గర్వం. టీ అయ్యేసరికి పదహారుకి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు, లాగినా కదల్లేదు. బరువు మోయాలంటే ఇనుము ఉండాలి, ఇనుము ఉండాలంటే డబ్బుండాలి, అంతే మేడమ్ అన్నాడు. వెళ్ళిపోతుంటే మాత్రం వెనక నుంచి, "అంత బరువు పైకేస్తే మలుపులో బండి ఊగుతాది, సూసుకోండి" అన్నాడు.

"సముద్రం మీద ఊగినోళ్ళం, మాకేటి నెప్పి" అంది నూకాలు. ఇద్దరం తెగ నవ్వుకున్నాం. ఆ మాట అప్పుడే బుర్రకెక్కించుకుని ఉంటే ఒక రోజు కలిసొచ్చేది.

భోజనానికి మెస్సులో కూర్చున్నాం. వంద రూపాయలకి అరిటాకు భోజనం, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. పనసపొట్టులో ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కేలా వేశారు, నోట్లో నీళ్ళూరుతూనే ఉన్నాయి. సగంలో ఉండగా పక్క బల్ల ఆయన మా దగ్గర చేపల వాసనకి మొహం చిట్లించి, ఆకు పట్టుకుని లేచి వేరే బల్లకి పోయాడు. నాకు ముక్కు మీద కోపం. ఏదో అనబోయాను.

"ఒగ్గీ ఒదినా, అలవాటైపోనాది" అంది నూకాలు, తలెత్తకుండా అన్నం కలుపుతూ.

అలవాటైపోయిందన్న ఆ మాటే నాకు ఎక్కువ మండింది. పనసపొట్టు రుచి అక్కడితో పోయింది. కేరియర్ లేకుండా ఇంటికి తిరిగి రాకూడదని ఆ ఆకు ముందే నిర్ణయించుకున్నాను.

చీపురుపల్లి

బజారులో చేపలు అరువుకి దించేసి, ఖాళీ బండితో మంగమ్మ బట్టీ దగ్గరికి వెళ్ళాం. పెద్ద మూకుడులో ఇసక ఎర్రగా కాలుతోంది. ఉప్పునీళ్ళలో తడిపి ఆరబెట్టిన బియ్యం గుప్పెడు వేసి చీపురుతో ఇలా తిప్పగానే తెల్లగా పొంగి గుట్టయిపోతున్నాయి. ఆ వాసనకి నాకు అక్కడే కూర్చుండిపోవాలనిపించింది. మంగమ్మ బాగా పొడగరి, మాట కరుకు. మా బండి చూడగానే గుర్తుపట్టింది.

"మల్లీ వచ్చీసేవా? సెప్పేను గదే, నీ బండిలో ఏస్తే నా మరమరాలు సేపల కూరైపోతాయి."

"పైకి కేరియర్ ఏయిస్తన్నానమ్మా. ఇకమీద సేపలన్నీ పైనే. తొట్టి కడిగీసి నీకే ఉంచీస్తాను" అంది నూకాలు.

మంగమ్మ తొట్టిలోకి వంగి వాసన చూసి చటుక్కున వెనక్కి వచ్చింది. అయినా మనిషి న్యాయస్తురాలు. ఒక గుడ్డసంచిలో రెండు గుప్పెళ్ళు మరమరాలు పోసి మూతి కట్టి నా చేతిలో పెట్టింది. "ముందు తొట్టి కడగండి. ఈ సంచి రాత్రంతా బండిలో ఉంచి రేపు తెండి. కమ్మగా ఉంటే మాటాడుకుందాం. నేదంటే నన్నింక అడక్కండి" అంది.

బోరింగు దగ్గర బండి ఆపి చింతపండు, సబ్బు పొడి, పసుపు, చేతికి దొరికినవన్నీ వేసి తొట్టి రుద్దాం. చీరలు తడిసి ముద్దయ్యాయి. దారినపోయే ఒకాయన ఆగి, బండికి పెళ్ళా అనడిగాడు. కడిగాక సంచి నూకాలుకిచ్చి, బండిలో పెట్టమన్నాను. అది పెట్టేసి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

విజయనగరం

గంటస్తంభం దగ్గర దీపాలు వెలిగే వేళకి ఊళ్ళో దిగాం. చవకలో లాడ్జి గది దొరికింది. పొద్దున్న టీ కొట్టు ముందు నిలబడి సంచి విప్పాం. నూకాలు కళ్ళు మూసుకుని వాసన చూసింది, నేను చూశాను, ఇద్దరం నాలుగేసి గింజలు నోట్లో వేసుకున్నాం. కమ్మగా, నిన్న మంగమ్మ పోసినప్పటిలాగే ఉన్నాయి.

"సబ్బు పన్చేసినాదొదినా!" అని నూకాలు రోడ్డు మీదే గంతేసింది.

నాకు నమ్మకం చిక్కలేదు. బండి దగ్గరికి వెళ్ళి తొట్టిలోకి తల పెట్టాను. ఎండుచేపల వాసన గుప్పున కొట్టింది. చింతపండు, పసుపు, అన్నీ దండగే.

"సంచి ఎక్కడ పెట్టావే?" అన్నాను.

"బండిలోనే ఉన్నాది. కేబిన్ ఎనకాల పైన రాడ్డు నేదా, దానికి కట్టీసేను."

"తొట్టిలో పెట్టాలి కదే! వాసన పడుతుందో లేదో చూడడానికి కదా ఆవిడ ఇచ్చింది!"

"కింద పెడితే కుక్కలు నాగీవా?"

నడిబజారులో దాన్ని చెడామడా తిట్టాను. మీ అమ్మ పెంపకమే అంత, కుక్కలు తప్ప లోకంలో ఇంకేమీ కనపడవు మీకు అన్నాను. పరీక్ష పోయింది, మంగమ్మకి ఏ మొహం చూపిస్తాం అన్నాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకుని రాడ్డు కేసి చూసింది. దాని చూపుతో పాటు నేనూ పైకి చూశాను. తిట్లు ఆపి, తొట్టి అంచెక్కి ఆ రాడ్డు దగ్గర వాసన చూశాను.

వాసనంతా కిందే ఉంది. పైన గాలే తప్ప ఏమీ లేదు.

"ఒదినా" అంది నూకాలు మెల్లగా. "సేపలు పైకెందుకే? మరమరాలే పైకెక్కించీవొచ్చు గదా?"

ఇంతే సంగతి. చేపలంటే పైన పెట్టాలని పుట్టినప్పటి నుంచి తలలో పాతుకుపోయి, బరువు సరుకుని నెత్తికెత్తి, దూదిలాంటి సరుకుని కింద పెట్టాలని ఊళ్ళు పట్టుకు తిరిగాం. మరమరాల బస్తా ఎంత పెద్దదైనా చేత్తో ఎత్తి విసరొచ్చు. వాటికి లావు ఇనుమెందుకు, పద్దెనిమిది వేలెందుకు? ఇద్దరం బండికి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాం. టీ కొట్టాయన మాకు పిచ్చెక్కిందనుకున్నాడు.

ఇక కావలసింది సన్నపాటి కేరియర్. అడిగి అడిగి పాత బండి సామాన్లమ్మే యేసుపాదం గారి చోటుకి చేరాం. పెద్దాయన, తెల్ల బట్టలు, ఫోన్లో ప్రార్థన పాటలు మెల్లగా మోగుతున్నాయి. ఏం కావాలని అడిగే ముందే మంచినీళ్ళిచ్చాడు. ఒక మూల తుప్పు కూడా పట్టని సన్న గొట్టాల కేరియర్ ఉంది. కేబిన్ మీద నుంచి తొట్టి చివరిదాకా వచ్చేంత పొడుగు.

"ఎనిమిది వేలమ్మా. గాని ముందే సెప్తన్నాను, టెంటు హౌసోల్ల బండిది. పరుపులు, దిండ్లు మోసేవోరు. బరువేస్తే వంగిపోతాది. అబద్ధమాడి అమ్మలేను."

నూకాలు మొహం వెలిగిపోతోంది. దాని కాలు గట్టిగా తొక్కాను. బేరంలో సంతోషం కనపడితే వెయ్యి రూపాయలు పోయినట్టే.

"బరువు మొయ్యని కేరియర్‌కి ఎనిమిది వేలా?" అన్నాను. "దిండ్లు మొయ్యడానికి కేరియర్ ఎందుకండీ, నెత్తిన పెట్టుకోమూ?"

ఆయన ఏడన్నాడు. నేను గొట్టం మీద గోటితో కొట్టి, ఆ చప్పుడు నచ్చనట్టు మొహం పెట్టాను. ఆరున్నర అన్నాడు. నేను లేచాను. నూకాలు లేవలేదు, దాన్ని రెక్క పట్టుకుని లేపాను. గుమ్మం దాకా వెళ్ళాక అయిదున్నర వేలకి, బిగింపుతో సహా ఖాయమైంది. కేరియర్‌కి వెల్డింగు అవుతుండగా కూర్చుని ఎదురుచూశాం, దగ్గర్లో తోపుడుబండి మీద మూరీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, కొనుక్కుని ఆయనకీ పెట్టాం.

బిగించడం అయ్యాక ఆయన అడిగాడు. "ఇంతకీ ఏటి మోస్తారమ్మా దీనిమీద?"

"ఇవే" అంది నూకాలు, చేతిలో మరమరాలు చూపించి.

ఆయన తల కొట్టుకుని నవ్వాడు. "ముందే సెప్పుంటే ఎనిమిదికి పైసా తగ్గేవోణ్ణి కాదు!" అన్నాడు. వచ్చే వారం మంచి సావిడాయిలు తెచ్చిస్తానని నూకాలు మాటిచ్చింది. అవి బేరంలో లెక్కకి రావు, మర్యాదకిచ్చేవి.

మళ్ళీ చీపురుపల్లి

సంచి పైన కట్టిన సంగతి మంగమ్మకి చెప్పాలా వద్దా అని దారంతా తర్జనభర్జన. చెప్పకుండా ఉంటే నాకు హాయి. నూకాలు ఒప్పుకోలేదు. బట్టీ ముందు బండాపి, దిగుతూనే అంతా చెప్పేసింది, కుక్కల సంగతితో సహా.

మంగమ్మ సంచిలో చెయ్యి పెట్టి రుచి చూసింది. బండి చుట్టూ తిరిగింది. కేరియర్ పట్టుకుని ఊపింది. "రాత్రంతా ఆగున్న బండి మీద బాగానే ఉన్నాయి. రోడ్డు మీదేటవుతాదో నాకు తెల్దు" అంది. నేను ఇంకా నోరు తెరవకముందే లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "నానూ వస్తాను. టెక్కల్లో నా సేత్తో ఇప్పి సూస్తాను. వాసనుంటే బస్తాలన్నీ నీవే, డబ్బు నువ్వే కట్టాలి."

నూకాలు నా వైపు చూసింది. దాని దగ్గర మిగిలింది పదిహేను వందలు. బస్తాల ఖరీదు ముందు అది ఏమూలకీ రాదు. "కడతాను" అంది.

రెండు టార్పాలిన్లు కొని అక్కడే కూర్చుని జంటగా కుట్టాను. ఆ కుట్టు నా కొట్టులో పెళ్ళికూతురి జాకెట్టుకి కూడా వేయలేదు. దాన్ని కేరియర్ మీద పరిచి బస్తాలు పేర్చాం. బండి తలపాగా చుట్టుకున్నట్టుంది. పేర్చాక తాడు పట్టుకుని పైకెక్కింది నూకాలే. పడవ మీద కట్టే ముడులు వేసింది.

శ్రీకాకుళం వంతెన మీద

ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. మలుపుల్లో బండి ఊగలేదు, మెరిసే చొక్కా ఆయన్ని తలుచుకుని నవ్వుకున్నాం. అంతా బాగుందనుకుంటుండగా నాగావళి వంతెన మీద ఈదురుగాలి కొట్టింది. వెనక నుంచి ఒకటే హారన్లు. అద్దంలో చూస్తే గాల్లో తెల్లగా ఎగురుతున్నాయి. ఒక బస్తా మూతి ఊడింది. వెనక బైకు మీద వస్తున్న మొగుడూ పెళ్ళాల మీద మరమరాలు అక్షింతల్లా పడుతున్నాయి.

వంతెన దాటి బండాపాం. బైకాయన కోపంగా వచ్చాడు. పెళ్ళాం మాత్రం జుట్టులోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

"ఎలగున్నాయమ్మా?" అంది మంగమ్మ ఆత్రంగా. "సేపల వాసనేటైనా ఉన్నాదా?"

"సేపలేటి? కమ్మగున్నాయి" అందావిడ. మొగుడి కోపం దాంతో ఆవిరైపోయింది. నేను పైకెక్కి గోతపు సూదితో బస్తా మూతులన్నీ మరోసారి కుట్టేశాను. అంత ఎత్తున నదిని చూస్తూ కుట్టడం నాకదే మొదటిసారి, భయమేసింది, బాగుంది కూడా.

టెక్కలి

టోకు వ్యాపారి కొట్టు ముందు బస్తాలన్నీ దించాక మంగమ్మ తీరిగ్గా తిరిగింది. పైవి ముట్టుకోలేదు. అన్నిటికంటే అడుగున, తొట్టికి బాగా దగ్గరగా ఉన్న బస్తా ఏదని అడిగి అది విప్పించింది. మోచేతిదాకా చెయ్యి దించి అడుగునుంచి గుప్పెడు తీసింది. వాసన చూసింది. నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. కొట్టాయన, హమాలీలు, మేమిద్దరం, అందరం ఆవిడ దవడ కేసే చూస్తున్నాం. నూకాలు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది.

"ఉప్పు తక్కువైనాది" అంది మంగమ్మ.

నేనే అడిగాను. "మరి వాసన?"

"ఏ వాసన?" అంది ఆవిడ, నిజంగానే మర్చిపోయినట్టు. "ఉప్పు నాదే తప్పు. బియ్యం తడిపేటప్పుడు సూసుకోవాల. ఒసే నూకాలూ, సోమారం రా. వారం వారం నీకే లోడు."

నూకాలు ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. మంగమ్మకి ఏం చెయ్యాలో తెలియక ఇద్దరికీ చెరో దోసెడు మరమరాలు పోసింది. ఏడుస్తూనే తిన్నాం. ఉప్పు నిజంగానే తక్కువైంది.

కాస్త తేరుకున్నాక కొట్టాయన వచ్చి, పైన సరే, కింద తొట్టి ఖాళీయే కదా, సిమెంటు బస్తాలు వేస్తావా అనడిగాడు. సిమెంటుకి వాసన చూసేవాడెవడండీ అన్నాను నేను, కిరాయి బేరం అక్కడే మొదలెడుతూ. మళ్ళీ టీ వచ్చింది.

భావనపాడు రోడ్డు ఎక్కుతుండగా నూకాలు ఫోన్ మోగింది. గుజరాత్ నుంచి మొగుడు. బండి నడుపుతోంది కదా అని నేనే ఫోన్ ఎత్తి దాని చెవి దగ్గర పెట్టాను. ఆయన గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"ఏటే, బండి అమ్మీసేవా?"

"నేదు మావా" అంది నూకాలు, గేరు మారుస్తూ. "అమ్మాలంటే కాళీగుండాల గదా. లోడున్నాది."